ఓవెన్ ఎలిమెంట్ ఓమ్స్ సరిగ్గానే చూపిస్తోంది, ఆర్‌సీసీబీ మాత్రం పడిపోతోంది: ఆరబెట్టాలా, మార్చాలా?

నిక్రోమ్:
230 వోల్ట్ల ఓవెన్. వెనక ఫ్యాన్ చుట్టూ 2000 వాట్ల రింగ్ ఎలిమెంట్, పైన గ్రిల్ ఎలిమెంట్. కొన్ని నెలలు మూలన పడి ఉన్నాక మళ్లీ వాడితే, ఫ్యాన్ మోడ్‌లో రెండు మూడు నిమిషాలకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే సరఫరా కోసేసే స్విచ్) పడిపోతోంది. గ్రిల్ ఒక్కటే పెడితే పడటం లేదు. ప్లగ్ పీకి, రింగ్ ఎలిమెంట్ వైర్లు రెండూ విప్పి కొలిస్తే 26.8 ఓమ్‌లు వచ్చింది. రావాల్సింది 230 × 230 ÷ 2000, అంటే 26.45. మీటర్ వైర్ల సొంత రెసిస్టెన్స్ తీసేస్తే లెక్క సరిపోయినట్టే. మరి ఎలిమెంట్ మంచిదే అనుకుని థర్మోస్టాట్, సెలెక్టర్ స్విచ్ వైపు వెతకాలా? ఎలిమెంట్ మార్చేయాలా? తేమ పట్టి ఉంటుంది, ఆరబెడితే చాలని కొందరు అంటున్నారు. నమ్మొచ్చా?

బేకలైట్:
మార్చేయండి. ఆ 26.8 వల్ల లోపలి తీగ తెగలేదని తెలుస్తుంది, అంతవరకే. తీగకూ పైనున్న స్టీల్ గొట్టానికీ మధ్య ఏం జరుగుతోందో దాంట్లో కనపడదు. ఆర్‌సీసీబీ పడుతోందంటే కరెంటు గొట్టంలోంచి ఎర్త్‌కు పోతోందన్నమాట. ఆరబెట్టడమంటే పని వాయిదా వేయడమే. గొట్టానికి వెంట్రుకంత చీలిక ఉన్నా సరే, ఎన్నిసార్లు ఆరబెట్టినా మళ్లీ తేమ పీలుస్తుంది.

ఓమ్‌లెక్క:
బేకలైట్ గారూ, అనుమానం సరైన చోటే పెట్టారు. తీర్పు మాత్రం కొలవకుండానే చెప్పేశారు.

గొట్టంలో తీగ చుట్టూ దట్టించి ఉండేది మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. వేడిని బాగా పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. కానీ గాలిలో తేమను లాక్కునే గుణం దానికుంది. రెండు చివర్లా టెర్మినల్ దగ్గర సీల్ ఉన్నా, నెలల తరబడి వాడకపోతే నెమ్మదిగా తేమ లోపలికి చేరుతుంది. స్విచ్ వేయగానే ఆ తేమ వేడెక్కి కదులుతుంది, లీకేజీ పెరుగుతుంది, రెండు మూడు నిమిషాల్లో ఆర్‌సీసీబీ పడుతుంది. నిక్రోమ్ గారు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. ఇది చెడిపోయిన ఎలిమెంట్ కాకపోవచ్చు, తడిసిన ఎలిమెంట్ కావచ్చు.

తేల్చుకోవాలంటే టెర్మినల్‌కూ గొట్టానికీ మధ్య కొలవాలి. మామూలు మల్టీమీటర్ ఓమ్స్ రేంజ్‌లో కొద్ది వోల్ట్లతోనే పరీక్షిస్తుంది. అందుకే 500 వోల్ట్ల డీసీ ఇచ్చి ఇన్సులేషన్ కొలిచే మీటర్, అంటే మెగ్గర్ కావాలి.

ఎర్త్‌పిన్:
ఆ కొలతలోనే చాలామంది పొరబడతారు కాబట్టి చెబుతున్నా. వాడిన ఎలిమెంట్ గొట్టం మీద నల్లటి ఆక్సైడ్ పొర ఉంటుంది. ప్రోబ్ మొన దాని మీద పెడితే మీటర్ ఓపెన్ అని చూపిస్తుంది, ఎలిమెంట్ బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. మెటల్ తళుక్కుమనేదాకా ఒక చోట గీకి అక్కడ పెట్టండి, లేదా స్క్రూలు పట్టే ఫ్లాంజ్ ప్లేట్ మీద పెట్టండి. మల్టీమీటర్‌తో మెగాఓమ్స్ చూసేటప్పుడు రెండు ప్రోబ్‌ల మొనలూ వేళ్లతో పట్టుకోవద్దు, మన ఒంటి రెసిస్టెన్సే రీడింగ్‌లో కలిసిపోతుంది. మెగ్గర్‌తో అయితే అసలు ముట్టుకోకూడదు, షాక్ కొడుతుంది. కొలిచేటప్పుడు రెండు వైర్లూ విప్పి ఉండాలి. ఒక్క వైరే విప్పితే న్యూట్రల్ దారిలో మిగతా ఎలిమెంట్ల లీకేజీ కూడా కలుస్తుంది.

ఇంకో మాట. ఫ్యాన్ మోడ్‌లో ఫ్యాన్ మోటార్ కూడా తిరుగుతుంది కదా! రింగ్ ఎలిమెంట్ వైర్లు విప్పి, చివర్లు పింగాణీ కనెక్టర్‌లో బిగించి, వెనక ప్యానెల్ మూసేశాక ఫ్యాన్ మోడ్ పెట్టండి. అప్పుడూ పడితే మోటార్ చూడాలి.

బేకలైట్:
మోటార్ మాట నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. తేమ కథ కూడా కాదనను. కానీ లెక్క చూడండి. 230 వోల్ట్ల దగ్గర 30 మిల్లీఆంపియర్లు పోవాలంటే లీకేజీ రెసిస్టెన్స్ దాదాపు 7.7 కిలోఓమ్‌లకు పడిపోవాలి. ఆర్‌సీసీబీ సగం కరెంటు దాటితే ఎక్కడైనా పడొచ్చు కాబట్టి 15 కిలోఓమ్‌లు అనుకుందాం. మంచి ఎలిమెంట్ చల్లగా ఉన్నప్పుడు పదుల మెగాఓమ్‌లు చూపిస్తుంది. అక్కడి నుంచి ఇక్కడిదాకా దిగిందంటే పొడిలోకి బాగానే తేమ చేరింది. అంత తేమ లోపలికి రానిచ్చిన సీల్‌ను మళ్లీ ఎలా నమ్మాలి?

తీగచుట్ట:
ఇంత చర్చ ఎందుకు? ఓవెన్ ఎర్త్ వైరు కాసేపు విప్పేసి గంటసేపు నడిపితే దానంతట అదే ఆరిపోతుంది. ఆర్‌సీసీబీ కూడా పడదు.

ఎర్త్‌పిన్:
ఆ పని ఎవరూ చేయకండి, దయచేసి. ఎర్త్ విప్పగానే లీకయ్యే కరెంటంతా ఓవెన్ బాడీ మీద నిలబడుతుంది. తలుపు హ్యాండిల్ పట్టుకున్న మనిషే ఎర్త్ వైరవుతాడు. ఆర్‌సీసీబీని బైపాస్ చేయడమూ ఇంతే ప్రమాదం.

ఓమ్‌లెక్క:
ఎర్త్‌పిన్ గారి మాటే నా మాట. కరెంటు ఇవ్వకుండానే ఆరబెట్టొచ్చు. ఎలిమెంట్‌ను పూర్తిగా ఊడదీసి, బాగా పనిచేసే వేరే ఓవెన్‌లో రాక్ మీద పెట్టండి. మొదట అరగంట 100 డిగ్రీలు, తర్వాత 130 నుంచి 150 మధ్య మూడు గంటలు. 150 దాటొద్దు, టెర్మినల్ సీల్ దెబ్బతింటుంది. ఆవిరి బయటికి పోవడానికి తలుపు కొంచెం తెరిచి ఉంచాలి.

బేకలైట్ గారి సీల్ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మర్నాటి రీడింగ్‌లో ఉంటుంది. పూర్తిగా చల్లారాక ఒకసారి మెగ్గర్ పెట్టండి, 24 గంటలు బయట గాలిలో ఉంచి మళ్లీ పెట్టండి. రెండో రీడింగ్ కొద్దిగా తగ్గడం మామూలే. ఒక్క రాత్రిలో పదో వంతుకు పడిపోతే సీల్ పోయినట్టే. అప్పుడు బేకలైట్ గారు చెప్పినట్టు మార్చడమే.

నిక్రోమ్:
కొలిచాను. ఎలిమెంట్ విప్పి ఫ్యాన్ మోడ్ పెడితే పడలేదు, మోటార్ బాగుంది. ఫ్లాంజ్ మీద మల్టీమీటర్ 0.3 మెగాఓమ్, మెగ్గర్ 0.08. లైటు వేసి గొట్టమంతా చూస్తే ఉబ్బు గానీ చీలిక గానీ లేదు. ఒక టెర్మినల్ ట్యాగ్ (వైరును ఎలిమెంట్‌కు తగిలించే రేకు) మాత్రం ఊదారంగుకు తిరిగి వదులుగా ఉంది.

బేకలైట్:
ఆరబెట్టినా, మార్చినా ఆ ట్యాగ్‌ను వదలొద్దు. 2000 వాట్లంటే 8.7 ఆంపియర్లు. వదులు కనెక్షన్‌లో 0.2 ఓమ్ ఉన్నా ఆ చిన్న రేకు మీదే 15 వాట్ల వేడి పుడుతుంది. రంగు మారింది అందుకే. ఆ వేడి పక్కనే ఉన్న సీల్‌ను గట్టిపరిచి పగలగొడుతుంది. తేమ లోపలికి దూరింది ఆ చివరి నుంచే అని నా గట్టి అనుమానం. వైరును ఒక అంగుళం వెనక్కి, మెరిసే రాగి కనపడేదాకా కత్తిరించి, 6.3 మిల్లీమీటర్ల నికెల్ పూత స్టీల్ ట్యాగ్ క్రింప్ చేయండి (నొక్కి బిగించండి). టంకం వద్దు, ఆ వేడికి మెత్తబడుతుంది. వైరు కూడా మార్చాల్సి వస్తే ఫైబర్‌గ్లాస్ తొడుగున్నదే వేయండి, పీవీసీ వద్దు.

ఎర్త్‌పిన్:
ఒకవేళ మార్చాల్సి వస్తే వాట్లు, ఫ్లాంజ్ రంధ్రాల దూరం రెండూ పాతదానికి సరిపోవాలి. తొందరగా వేడెక్కుతుందని 2500 వాట్లది వేస్తే దాదాపు 10.9 ఆంపియర్లు లాగుతుంది, థర్మోస్టాట్ కాంటాక్ట్‌లు మాడతాయి.

ఇదే రకం ఫాల్ట్‌తో వచ్చేవాళ్లకు ఇంకొకటి. ఓవెన్ స్విచ్ ఆపి ఉన్నా, ప్లగ్ పెట్టి ఉంటే చాలు ఆర్‌సీసీబీ పడుతోందా? న్యూట్రల్ చివర ఎర్త్‌కు తగిలిందేమో చూడండి. చాలా ఓవెన్లలో స్విచ్ ఫేజ్‌ను మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఇంట్లో వేరే లోడ్ నడుస్తుంటే దాని రిటర్న్ కరెంటులో కొంత ఎర్త్ దారి పడుతుంది.

నిక్రోమ్:
మూడున్నర గంటలు ఆరబెట్టాక, చల్లారాక 45 మెగాఓమ్‌లు. మర్నాడు 38. ట్యాగ్ కొత్తది వేసి బిగించాను. 200 డిగ్రీల దగ్గర గంట నడిపినా ఆర్‌సీసీబీ పడలేదు.

ఓమ్‌లెక్క:
38 అంటే సీల్ పట్టు ఉంది. వాడుతూ ఉండండి. ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తే మధ్యమధ్యలో ఒకసారి అరగంట వేడి చేయండి.

బేకలైట్:
ఈసారికి మార్చకపోవడమే సరైంది, ఒప్పుకుంటున్నా. కానీ నెల తర్వాత ఇంకోసారి మెగ్గర్ పెట్టండి. 2 మెగాఓమ్‌ల కిందికి వస్తే మళ్లీ ఆరబెట్టొద్దు, కొత్త ఎలిమెంట్ వేసేయండి.