&సిస్‌నేమ్ స్టార్టెడ్ టాస్క్‌లో మారుతోంది, బ్యాచ్ జాబ్‌లో మారడం లేదు. ఎందుకు?

కొత్త_సిస్‌ప్రాగ్:
అందరికీ నమస్కారం. అప్లికేషన్ సపోర్ట్ నుంచి మెయిన్‌ఫ్రేమ్ (జెడ్‌ఓఎస్) సిస్టమ్ ప్రోగ్రామింగ్‌లోకి వచ్చి మూడు నెలలైంది. ఒక స్టార్టెడ్ టాస్క్ (ఆపరేటర్ స్టార్ట్ కమాండ్‌తో మొదలయ్యే పని) ప్రొసీజర్‌లో డేటాసెట్ (ఫైలు) పేరు మధ్యలో &సిస్‌నేమ్ అని రాస్తే చక్కగా సిస్టమ్ పేరు వచ్చి కూర్చుంటోంది, అదే లైను తీసుకెళ్లి బ్యాచ్ జాబ్‌లో పెడితే జేసీఎల్ (జాబ్ ఎలా నడవాలో రాసే భాష) ఎర్రర్. సిస్‌ఇన్ కింద రాసిన కంట్రోల్ కార్డుల్లో (ప్రోగ్రామ్‌కి ఇచ్చే ఇన్‌పుట్ లైన్లలో) అయితే ఎర్రర్ కూడా లేదు, &సిస్‌నేమ్ అని ఉన్నది ఉన్నట్టే ప్రోగ్రామ్‌కి వెళ్లిపోతోంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

పాత_కన్సోల్:
తమ్ముడూ, ఇలాంటి సింబల్స్‌ని వాటి విలువలతో మార్చే పని సిస్టమ్ అంతటా ఒకేచోట జరగదు. ఆ టెక్స్ట్‌ని ఎవరు చదువుతున్నారో వాళ్లే, తాము చదివే సమయానికి మారుస్తారు. పార్మ్‌లిబ్ (సిస్టమ్ సెట్టింగులుండే లైబ్రరీ) మెంబర్లు, ఆపరేటర్ కమాండ్లు, స్టార్టెడ్ టాస్క్ జేసీఎల్ మొదటినుంచీ మారుతున్నవే. బ్యాచ్‌ని పక్కన పెట్టడానికి గట్టి కారణమే ఉంది: సిస్‌ప్లెక్స్‌లో (కలిసి పనిచేసే సిస్టమ్‌ల గుంపులో) జాబ్‌ని ఒక సిస్టమ్ కన్వర్ట్ చేసి (అంటే జేసీఎల్‌ని చదివి సిద్ధం చేసి) ఇంకో సిస్టమ్ నడపొచ్చు, అప్పుడు కన్వర్ట్ చేసిన దాని పేరు పడిపోయి జాబ్ తప్పు డేటాసెట్ తెరుస్తుంది. జెడ్‌ఓఎస్ 2.1 నుంచి జేఈఎస్2 (జాబ్‌లను తీసుకుని నడిపించే భాగం) జాబ్‌క్లాస్‌లో సిస్‌సిమ్=అలౌ అని ఇస్తే బ్యాచ్‌లోనూ మారుతుంది, ఇవ్వకపోతే డిజలౌ, అంటే మారదు. ప్రొడక్షన్ క్లాసులన్నిటికీ ఒకేసారి ఇచ్చేయకండి, ఒక క్లాసుతో మొదలుపెట్టండి.

కంట్రోల్ కార్డులకు వాటి పైనుండే డీడీ (ప్రోగ్రామ్‌కి ఏ డేటా ఇవ్వాలో చెప్పే) స్టేట్‌మెంట్ మీదే సింబల్స్=ఎగ్జెక్‌సిస్ రాయాలి. అప్పుడు జాబ్ నడిచే సిస్టమ్ విలువే వస్తుంది. సెట్‌తో పెట్టుకున్న మీ సొంత సింబల్స్ కూడా అక్కడ కావాలంటే ఎక్స్‌పోర్ట్ సిమ్‌లిస్ట్ ఉండాలి, అదీ సెట్ కంటే పైన.

అసెంబ్లర్_అక్క:
పై జవాబు సరైనది. ఒకటి కలుపుతాను, ఈ మార్పిడి పనిని మన ప్రోగ్రామ్ కూడా చేయించుకోవచ్చు. ఏఎస్‌ఏ‌సింబ్‌ఎం అనే సర్వీసుని లింక్‌తో పిలవాలి, పారామీటర్ ఏరియాకి ఏఎస్‌ఏ‌సింబ్‌పి మ్యాపింగ్ మాక్రో ఉంది. సింబల్స్ ఉన్న టెక్స్ట్ చిరునామా, దాని పొడవు, ఫలితం పడే బఫర్ చిరునామా, ఆ బఫర్ పొడవు ఉన్న ఫీల్డ్ చిరునామా ఇస్తాం. చాలామంది ఈ ఆఖరిదాని దగ్గరే పడతారు. పిలిచేటప్పుడు అందులో బఫర్ సైజు ఉంటుంది, తిరిగొచ్చేసరికి ఫలితం పొడవు ఉంటుంది, కాబట్టి లూప్‌లో పిలిస్తే ప్రతిసారీ సైజు మళ్లీ నింపాలి. తెలియని సింబల్ కనిపిస్తే సర్వీసు దాన్ని అలాగే వదిలేస్తుంది, అది మనమే చూసుకోవాలి. సొంత సింబల్ టేబుల్ కూడా ఇవ్వొచ్చు.

కొత్త_సిస్‌ప్రాగ్:
థాంక్యూ అన్నా, అక్కా. క్లాసు మార్చి చూశాను, ఎర్రర్ పోయింది. కానీ డేటాసెట్ పేరులో &సిస్‌నేమ్ తర్వాత ఒక్క చుక్కే పెడితే తర్వాతి భాగం పేరుకి అతుక్కుపోతోంది?

పాత_కన్సోల్:
రెండు చుక్కలు పెట్టండి. మొదటిది సింబల్ ఎక్కడ ముగిసిందో చెప్పి మాయమవుతుంది, రెండోదే పేరులో మిగులుతుంది. ఇంకోటి, పేరులో టైమ్ పెట్టే ఆలోచన ఉంటే &హెచ్‌హెచ్‌ఎంఎంఎస్‌ఎస్ ఇచ్చేది గ్రీన్‌విచ్ టైమ్, మన గడియారానికి 5:30 గంటలు వెనక. లోకల్ టైమ్ కావాలంటే ముందు ఎల్ చేర్చిన సింబల్ వాడండి.