పాత రివాల్వర్ ట్రిగ్గర్ పట్టేస్తోంది, విప్పి చూడొచ్చా?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది తాడిపత్రి దగ్గర పల్లె. డాలస్‌కి కొత్త. ఇక్కడే ఉండే మా ఆఫీసాయన దగ్గర పాత .38 రివాల్వర్ కొన్నాను, ఆరు తూటాలది. ట్రిగ్గర్ ఒక్కోసారి సగం నొక్కాక ఆగిపోతుంది. ఒక్కోసారి నొక్కి వదిలితే వెంటనే ముందుకు రాదు. యూట్యూబ్ చూసి పక్క ప్లేటు (లోపలి భాగాల మీది మూత) విప్పుదామనుకుంటున్నా. లేకపోతే నూనె కొడితే సరిపోతుందా? అనుభవమున్నవాళ్లు చెప్పండన్నా.

*

తమ్ముడూ, ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. మాది ప్రొద్దుటూరు. కడప జిల్లా అనగానే ఇక్కడి మనవాళ్లే "మీ ఇళ్లల్లో బాంబులుంటాయంట కదా" అంటారు. మా ఇంట్లో ఉన్న ఆయుధం గడ్డి కోసే కొడవలి. మా మేనమామకు మాత్రం లైసెన్సున్న .32 ఉండేది, కాన్పూర్ ఫ్యాక్టరీది. ఎలక్షన్లు వస్తే స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. మమ్మల్ని దాని దరిదాపులకు రానిచ్చింది లేదు. నాకు తెలిసిందంతా ఇక్కడికొచ్చాక రేంజ్‌లో, అంటే తుపాకీ కాల్చడం ప్రాక్టీసు చేసే చోట, నేర్చుకున్నదే.

నువ్వు ఏ వీసా మీద వచ్చావో రాయలేదు. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది అది. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1, ఎల్‌1 ఇవన్నీ నాన్‌ఇమిగ్రెంట్ వీసాలు. వాటి మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. 2022లో సవరించిన చట్టం ప్రకారం గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, ఆపైన దేశం నుంచి పంపించేస్తారు. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక మినహాయింపు ఉంది గానీ, లాయర్‌ని అడగకుండా దాన్ని నమ్ముకోవద్దు. "టెక్సస్‌లో తుపాకీ వెంట పెట్టుకోవడానికి 2021 నుంచి పర్మిటే అక్కర్లేదు" అని మనవాళ్లు పార్టీల్లో చెప్తుంటారు. అది రాష్ట్రం చట్టం, దాంతో ఫెడరల్ నిషేధం పోదు. గ్రీన్ కార్డుంటే ఈ చిక్కు లేదు. లేకపోతే నేను కింద రాసింది వదిలేసి లాయర్‌కి ఫోన్ చెయ్యి. ఇంకోటి, సీరియల్ నంబర్ చెరిపేసినట్టుంటే ఎవరికైనా సరే అది కేసే. చూసుకో.

ఇక ట్రిగ్గర్ సంగతి. కంపెనీ, మోడల్ రాయలేదు కాబట్టి ఎక్కువ వాటికి పనికొచ్చేట్టు చెప్తా. గొట్టం మనుషులు లేని వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) తెరిచి, ఎజెక్టర్ రాడ్ (తూటాలను బయటికి తోసే కడ్డీ) నొక్కు. ఆరు రంధ్రాలూ కంటితో చూడు, వేలు పెట్టి కూడా చూడు. తూటాలు వేరే గదిలో పెట్టు. తూటాలు లోపలుండగా సిలిండర్ తెరుచుకోకపోతే మాత్రం బలవంతం చెయ్యొద్దు, గన్‌స్మిత్‌కి (తుపాకీలు బాగుచేసేవాడికి) ఫోన్ చేసి ఆయన చెప్పినట్టు చెయ్యి.

నువ్వు రాసినవి రెండు వేర్వేరు జబ్బులు. చాలామంది రెంటినీ కలిపేసి నూనె కొట్టేస్తారు. సగంలో ఆగడం ఎక్కువగా సిలిండర్ వల్ల. వదిలాక ముందుకు రాకపోవడం లోపలి మురికి వల్లో, స్ప్రింగ్ వల్లో.

మొదటిదానికి సిలిండర్ మీద ఒక రంధ్రం పక్కన మార్కర్‌తో చుక్క పెట్టు. డమ్మీ తూటాలు, అదే స్నాప్ క్యాప్‌లు వేసి, ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కుతూ పూర్తి చుట్టు తిప్పు. ప్రతి చుట్టులోనూ అదే చోట బిగిస్తోందంటే ఎజెక్టర్ రాడ్ వంగిందేమో చూడాలి. సిలిండర్ తెరిచి తిప్పితే రాడ్ కొన ఊగుతుంది, కంటికే తెలుస్తుంది. రాడ్ మర వదులైతే అది పొడుగై ముందువైపు పట్టేస్తుంది. వేళ్లతో కదిలించి చూడు, పకారు మాత్రం పెట్టొద్దు. కొన్నిటికి మర ఎడమవైపు తిరుగుతుంది, బిగిస్తున్నాననుకుని ఊడదీస్తావు.

పాత వాటిలో ఎక్కువగా కనబడేది ఇంకొకటుంది. రాడ్ నొక్కి పట్టుకుంటే నక్షత్రంలాంటి ముక్క పైకి లేస్తుంది కదా, దాని అడుగున టార్చి వేసి చూడు. కాలని తుపాకీ మందు రేణువులు రెండు మూడు అక్కడ ఇరుక్కుని ఉంటాయి. ఆ ఒక్క రేణువు మందాన ముక్క పైకి లేచి, తూటాల అడుగు వెనక ప్లేటుకు రాసుకుంటుంది, సిలిండర్ కదలదు. పొడి టూత్‌బ్రష్‌తో దులుపు. అక్కడ నూనె వెయ్యొద్దు, వేస్తే మళ్లీ మందు అంటుకుంటుంది. గొట్టం వెనకభాగానికి, సిలిండర్ ముఖానికి పట్టిన మసి కూడా తుడువు. డమ్మీలతో బాగుండి అసలు తూటాలతోనే పట్టేస్తే, ఆ తూటాలు తుపాకీ అమ్మినాయన ఇంట్లో తయారుచేసుకున్నవేమో అడుగు. ప్రైమర్ (తూటా అడుగున మందు అంటించే బిళ్ల) కొంచెం పైకి ఉన్నా ఇలాగే రాసుకుంటుంది. ఈ పరీక్ష ఇంట్లో కాదు, రేంజ్‌లోనే.

ఇక ట్రిగ్గర్ ముందుకు రాకపోవడం. ఏళ్ల తరబడి మూలపడిన కుట్టుమిషన్‌లో నూనె బంక కట్టినట్టే ఇందులోనూ కడుతుంది. డబ్ల్యుడి-40 కొడితే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత అది కూడా మురికిలో కలిసిపోతుంది. పిడి చెక్కలు తీసేసి గన్ సాల్వెంట్ లోపలికి పోనిచ్చి, కారనిచ్చి, ఆరాక పల్చటి గన్ ఆయిల్ రెండు చుక్కలు వెయ్యి. అప్పటికీ మందంగానే వస్తే మునుపటాయన ట్రిగ్గర్ తేలిక చేద్దామని స్ప్రింగ్ మార్చాడనో, చుట్టు కత్తిరించాడనో అనుమానించాలి. మొహమాటపడకుండా అడుగు.

కొన్నిసార్లు తుపాకీలో ఏమీ ఉండదు. వేలు పూర్తిగా వదలకుండానే మళ్లీ నొక్కితే ఏ రివాల్వరైనా బిగుసుకున్నట్టే ఉంటుంది. కొత్తవాళ్లందరికీ ఉండే అలవాటే ఇది.

పక్క ప్లేటు మాత్రం ముట్టుకోవద్దప్పా. అంచుకు స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే గీత పడుతుంది, మళ్లీ సరిగ్గా కూర్చోదు. లోపల నున్నగా చేద్దామని ఆకురాయి పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే ఎత్తిన హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి ముక్క) తనంతట తానే పడే ప్రమాదముంది. గన్‌స్మిత్ దగ్గరికి ఖాళీగా, పెట్టెలో పెట్టి తీసుకెళ్లు, కౌంటర్‌లో ముందే చెప్పు. టైమింగ్ కూడా చూడమను. అది తప్పితే తూటా గొట్టానికి సూటిగా ఎదురుగా రాదు.

*

నేను కర్నూలు నుంచి, ప్లేనోలో ఉంటాను. బాబూ, ఇంట్లో పిల్లలున్నారా? 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా తుపాకీ పెట్టడం టెక్సస్‌లో నేరం. బీరువా పైన పెట్టాను అంటే కుదరదు, తాళమున్న పెట్టె కొను.

*

థ్యాంక్స్ అన్నా, అక్కా. గ్రీన్ కార్డేనన్నా, మా ఆవిడ సిటిజన్. పిల్లలు లేరు, అయినా పెట్టె ఆర్డర్ పెట్టాను. నక్షత్రం కింద నిజంగానే రేణువులున్నాయి. దులిపాక సగంలో ఆగడం పోయింది. సాల్వెంట్ పెట్టినా ట్రిగ్గర్ మందంగానే వస్తోంది. అడిగితే ఆయన "స్ప్రింగ్ ఏదో మార్పించాను" అన్నాడు. ఆదోని ఫ్రెండొకడు హెచ్‌1 మీద ఉన్నాడు, రేంజ్‌కి వస్తానంటున్నాడు. సంక్రాంతికి ఊరెళ్తున్నాం, ఆ లోపల బాగవుతుందా?

*

స్ప్రింగ్ సంగతి తేలిపోయింది కదా, ఇక గన్‌స్మిత్‌కి ఇచ్చెయ్యి. కంపెనీ స్ప్రింగే వెయ్యమను. మీ ఆదోని ఫ్రెండ్ చేతికి మాత్రం ఇవ్వొద్దు. రేంజ్‌లో కాసేపు పట్టుకున్నా చట్టం దృష్టిలో అది పట్టుకున్నట్టే, ఇచ్చినందుకు నీ మీదా కేసవుతుంది. కోపమొస్తే రానీ.

ఊరికి వెళ్లేటప్పుడు రేంజ్‌కి వాడిన బ్యాగు తీసుకెళ్లకు. అడుగు కుట్లలో ఒక్క తూటా ఇరుక్కుని హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనబడినా ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. "చూసుకోలేదు సార్" అని కోర్టులో చెప్పుకోవాలి, పండక్కి ఇంటికి చేరేది ఎప్పుడో. రేంజ్‌కి ఒక సంచి వేరే పెట్టుకుని కారులోనే ఉంచు, ఇండియా సామాన్ల దగ్గరికి రానివ్వకు.