చార్మినార్ ఫిగర్-గ్రౌండ్ షీట్‌లో గల్లీలు పూడిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: స్టూడియో_బల్ల
మచిలీ కమాన్ నుంచి చార్మినార్ దాకా, లాడ్ బజార్ మొదటి భాగం కలిపి 500 × 500 మీటర్ల ముక్కకి ఫిగర్-గ్రౌండ్ (కట్టడాలు నలుపు, ఖాళీ తెలుపు) గీస్తున్నాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ పటంలోని బిల్డింగులను క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో నలుపు నింపి 1:2500లో ప్రింట్ తీస్తే అంతా ఒకటే నల్ల ముద్ద. పైగా రోడ్డు మీద టేపుతో కొలిచిన 50 మీటర్లు షీట్ మీద 20 మి.మీ. రావాల్సింది, 21 వస్తోంది. చార్మినార్‌ని నలుపు చేయాలా, తెల్లగా వదలాలా అన్నది ఇంకో తలనొప్పి.

జవాబు: గీత_మందం
ఆ 21 మి.మీ. ప్రింటర్ తప్పు కాదండీ. మీ ప్రాజెక్ట్ వెబ్ మెర్కేటర్‌లో, అంటే ఆన్‌లైన్ పటాల ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) ఉండిపోయినట్టుంది. హైదరాబాద్ అక్షాంశం దగ్గర అందులో పొడవులు దాదాపు 4.8 శాతం సాగుతాయి. హైదరాబాద్‌కి సరిపడే యూటీఎం 44 నార్త్ ప్రొజెక్షన్‌కి, అంటే క్యూజీఐఎస్ జాబితాలో ఈపీఎస్‌జీ కోడ్ 32644కి మార్చండి, సరిపోతుంది.

గల్లీల సంగతికొస్తే, దోషం అంచు గీతది. క్యూజీఐఎస్ తనంతట తానే ప్రతి పాలిగాన్ (బిల్డింగు ఆకారం) చుట్టూ 0.26 మి.మీ. గీత పెడుతుంది. అందులో సగం బయటికి వస్తుంది. మీటరు వెడల్పు గల్లీ 1:2500లో 0.4 మి.మీ. మాత్రమే. రెండు వైపుల గీతలు 0.26 తినేస్తే మిగిలేది 0.14, మామూలు కాగితం మీద ఇంకు పాకి అదీ పోతుంది. స్ట్రోక్ స్టైల్‌లో నో పెన్ పెట్టండి, అంచు గీత పోతుంది. అప్పుడు ఆనుకున్న ఇళ్ల మధ్య వెంట్రుకవాసి తెల్లచారలు కనిపిస్తాయి, డిజాల్వ్ చేస్తే, అంటే ఆనుకున్న పాలిగాన్లను ఒకటిగా కలిపితే పోతాయి. వీలుంటే 1:1000కి వెళ్లండి, 50 × 50 సెం.మీ. ఏ1 షీట్‌లో హాయిగా పడుతుంది.

ఇంత చేసినా హవేలీల నడిమి వాకిళ్లు (ఇంటి లోపలి ఖాళీ స్థలాలు) రావు. పాతబస్తీలో చాలాచోట్ల బ్లాకు మొత్తాన్నీ ఒకే పాలిగాన్‌గా గీసేసి ఉంటారు. శాటిలైట్ చిత్రంతో సరిచూడండి గానీ, రేకులు కప్పిన వాకిలి పైనుంచి కప్పులాగే ఉంటుంది. నడిచి చూడక తప్పదు.

జవాబు: కమాన్_కింద
చార్మినార్ విషయంలో ముందు ఏ డ్రాయింగ్ గీస్తున్నారో తేల్చుకోండి. కట్టడం, ఖాళీ మాత్రమే చూపే ఫిగర్-గ్రౌండ్ అయితే మొత్తం నలుపు. ఇటలీ పటకర్త నోలీ పద్ధతి వేరు. ఆయన 1748 నాటి రోమ్ పటంలో జనం వెళ్లగలిగే చర్చిల లోపలి భాగాన్ని కూడా వీధిలాగే తెల్లగా వదిలాడు. అలా గీయాలంటే నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తున కోసిన ప్లాన్ కావాలి. చార్మినార్‌లో నాలుగు మూలల దిమ్మెలు నలుపు, కమాన్ల కింది చోటు తెలుపు. పత్తర్‌గట్టి దుకాణాల ముందున్న ఆర్కేడ్ (స్తంభాల వరుస నడవ) కూడా అంతే, స్తంభాలు చుక్కలుగా. 45 సెం.మీ. స్తంభం 1:2500లో 0.18 మి.మీ., కనబడదు. నోలీ షీట్‌కి 1:1000 తప్పనిసరి.

జవాబు: సెక్షన్_లైన్
పై జవాబుతో కొంచెం పేచీ. చార్మినార్ చుట్టూ కంచె, లోపలికి టికెట్. దాన్ని నడివీధితో సమానంగా తెలుపు చేస్తే షీట్ అబద్ధం చెబుతుంది. మక్కా మసీదు ప్రాంగణమూ షరతులున్న చోటే. ఈ రెండింటికీ 20 శాతం బూడిదరంగు వేసి లెజెండ్‌లో (గుర్తుల వివరణలో) ఒక్క మాట రాయండి.

పత్తర్‌గట్టి అసలు గుణం ప్లాన్‌లో సగమే తెలుస్తుంది. 1:200లో అడ్డ సెక్షన్ (వీధిని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ) ఒకటి జతచేయండి. భవనం ముందు గోడ దగ్గర ఆపకుండా ఆర్కేడ్, వెనక దుకాణం, పై అంతస్తు దాకా కోయండి, రెండు వైపులా. కోసిన గీత 0.5 మి.మీ., వెనక కనిపించేవి 0.18. మనుషుల బొమ్మలు 8 మి.మీ. ఎత్తు దాటితే వీధి ఇరుకైపోయినట్టు కనిపిస్తుంది. తోపుడు బళ్లు, బయటికి పరిచిన సరుకు వేరే లేయర్‌లో ఉంచండి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

స్టూడియో_బల్ల
ప్రొజెక్షన్ మార్చాక 20 మి.మీ. సరిగ్గా వచ్చింది, థాంక్సండీ. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ నుంచి దక్షిణంగా చార్మినార్ వైపు నడుస్తుంటే కనిపించే వరుస దృశ్యాలు గీయడానికి ఫోన్ ఫొటోలు వాడొచ్చా?

గీత_మందం
వాడొచ్చు, కానీ మామూలు లెన్స్‌లో చూపు వెడల్పు ఎక్కువ, దూరపు చార్మినార్ చిన్నబోతుంది. 2ఎక్స్‌లో, 1.6 మీటర్ల కంటి ఎత్తు నుంచి తీయండి. నిలబడ్డ చోటు, చూసిన దిక్కు అక్కడికక్కడే ప్లాన్ మీద నంబరు, బాణం వేసి గుర్తు పెట్టుకోండి. చార్మినార్ కమాన్‌కి ముందొకటి, సరిగ్గా కమాన్ కింద ఒకటి, దాటాక ఒకటి ఉంటే చాలు. సమాన దూరాల్లో పది తీస్తే ఏడు ఒకేలా ఉంటాయి.