స్వెట్టర్లు అమ్మే టిబెటన్లని స్కూల్ ప్రాజెక్ట్ కోసం ఏం అడగొచ్చు?

సీతమ్మధార_సుధ:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సోషల్‌లో 'టిబెట్ శరణార్థుల జీవితం' మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. నెట్‌లో వెతికితే అన్నీ మంచుకొండలు, మఠాలు, ఎర్రబట్టల లామాలే. అవి అతికించి ఇచ్చేయడం నాకు ఇష్టం లేదు. చలికాలం మన వైజాగ్‌కి స్వెట్టర్లు అమ్మడానికి వస్తారు కదా, వాళ్ళనే అడిగితే ఏమైనా అనుకుంటారా? టిబెట్ నుంచి ఎలా వచ్చారో చెప్పమని మొదలుపెడితే బాగుంటుందా?

ద్వారకానగర్_కుర్రాడు:
అడగడానికి ఏముందండీ, సరుకంతా లుధియానాది. వాళ్ళ చేతుల్లో ఫోన్లు చూస్తే మనకన్నా నయం. శరణార్థులంటే నమ్మబుద్ధి కాదు.

పార్శిల్_మావయ్య:
బాబూ, లుధియానా సరుకన్న మాట నిజమే. నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగా చేశాను, ఆ బేళ్ళు నా చేతి మీదుగానే వెళ్ళేవి. అక్కడి హోల్‌సేల్ వాళ్ళు అరువు మీద ఇస్తారు, సీజన్ అయ్యాక తీర్చాలి. మన ఊళ్ళో చలే అంతంతమాత్రం. అరకు, లంబసింగి వెళ్ళేవాళ్ళు లేకపోతే జాకెట్లు కొనే నాథుడు ఉండడు. డిసెంబర్‌లో తుఫాను పట్టుకుందంటే ఇక వాళ్ళ టెన్షన్ చూడాలి. ఫోనుంటే శరణార్థి కాకుండా పోతాడా?

సుధమ్మా, టిబెట్ నుంచి ఎలా వచ్చారని అడగొద్దు. కొట్లో కూర్చునేవాళ్ళలో చాలామంది టిబెట్ చూడనే లేదు. 1959లో దలైలామా వచ్చేశాక ఆ వెనకే వచ్చింది వాళ్ళ తాతలు. అప్పటి మైసూరు, అంటే ఇప్పటి కర్ణాటక ప్రభుత్వం బైలకుప్పె దగ్గర అడవి ఇస్తే, చెట్లు కొట్టుకుని మొక్కజొన్న వేశారు. చలిదేశం వాళ్ళు గనక ఉన్ని వ్యాపారం పట్టుకున్నారని మనం అనుకుంటాం. నిజానికి వానాధారం మీద ఒక్క పంట, కోతలయ్యాక చేతిలో పని ఉండదు. అందుకని ఊళ్ళమీద పడ్డారు.

మా ఆఫీసుకొచ్చే ఒకావిడ కన్నడంలో ఫోన్ మాట్లాడేది, తెలుగులో బేరం ఆడేది. వెన్న వేసిన టీ తాగుతారట కదా అంటే "ఈ ఉక్కలోనా!" అని నవ్వేసింది. వాళ్ళబ్బాయి నర్సింగ్ చదివి బెంగళూరులో చేరాడు, చెల్లెలు టొరంటోలో ఉంది. ఇక కొట్లో కూర్చునేది ఎవరు? 2009లో వాళ్ళ సొంత లెక్కలో మన దేశంలో 94 వేల మంది, ఇప్పుడు బాగా తగ్గారు. వాళ్ళు కెనడా వెళ్తే సంస్కృతి పోతోందని బయటివాళ్ళు బాధపడతారు. మన గాజువాక పిల్లాడు డాలస్ వెళ్తే మాత్రం మనం భోజనాలు పెడతాం.

బరంపురం_అల్లుడు:
మావయ్యగారూ, మీరు మరీ తేలిగ్గా తీసేశారు. మాకు దగ్గరలో ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి వాళ్ళ కాలనీలున్నాయి. జిరాంగ్‌లో పెద్ద మఠం, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. అక్కడ ఒక ముసలావిడ, మనవలు ఫోన్లో టిబెటన్ మాట్లాడతారు గానీ రెండు ముక్కలు రాయమంటే రాదు అని వాపోయింది. ఆ దిగులు బయటివాళ్ళు అంటించింది కాదు.

సీతమ్మధార_సుధ:
ఇద్దరికీ థ్యాంక్సండీ. మరి వీళ్ళకి ఓటు, పాస్‌పోర్టు ఉంటాయా? అది కూడా అడగమంటారా?

పార్శిల్_మావయ్య:
అల్లుడు చెప్పింది కాదనను, రాత పోవడం పెద్ద నష్టమే.
1950 జనవరి 26 తర్వాత, 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్ళు చట్టప్రకారం మన పౌరులే. అయినా పౌరసత్వం వద్దనుకునేవాళ్ళు చాలామంది. వాళ్ళకి విదేశీయులుగా ఇక్కడ ఉండడానికి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది, గడువు తీరితే రెన్యువల్ చేయించుకోవాలి. పాపచేత మాత్రం ఇది అడిగించకండి, కాగితాల మాటెత్తితే బిగుసుకుపోతారు. ఏ ఊళ్ళో చదివారు, ఇంట్లో ఏం వండుతారు, ఫిబ్రవరిలో ఇంటికెళ్ళాక ఏం చేస్తారు, ఇలాంటివి అడగమనండి. ఆదివారం సాయంత్రం వద్దు, పొద్దున్నే బేరాలు లేనప్పుడు వెళ్ళండి. ఒక మంకీ క్యాప్ అయినా కొనండి.