నిరాశ్రయుల బస కేంద్రాన్ని నడిపే స్వచ్ఛంద కార్యవర్గం: మా పని ఎక్కడి వరకు?

ప్రశ్న: కొత్త అధ్యక్షురాలు

నమస్కారం. కోస్తాలోని ఒక పట్టణంలో నిరాశ్రయులైన మగవారి కోసం రాత్రి బస కేంద్రం నడుపుతున్న చిన్న సంఘానికి ఈ ఏడాది నన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. అంతకుముందు నాలుగేళ్లు సభ్యురాలిగానే ఉన్నాను. కార్యవర్గంలో ఏడుగురం: బ్యాంకులో పదవీ విరమణ చేసినవారు ఒకరు, ఒక దంతవైద్యుడు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక న్యాయవాది, బట్టల కొట్టు నడిపే ఒక పెద్దాయన, నేను. ఎవరమూ జీతం తీసుకోము. భవనం మున్సిపాలిటీది, నిర్వహణ మాది. మేనేజరు, ముగ్గురు కేర్‌టేకర్లు జీతం మీద పనిచేస్తారు. యాభై మంచాలు ఉన్నాయి.

గత నెల బంధువులను రైలెక్కించి రాత్రి పన్నెండున్నరకు తిరిగి వస్తూ, దారిలోనే కదా అని కేంద్రం ముందు ఆగాను. గేటుకు తాళం వేసి ఉంది. మెట్ల మీద ముగ్గురు పడుకుని ఉన్నారు. ఒకాయన చొక్కా ఇంకా సాంబారు వాసన వేస్తోంది, నీళ్లలో నానిన వేళ్లు ముడతలు పడి తెల్లబారి ఉన్నాయి. పెళ్లిలో క్యాటరింగ్ వాళ్ల దగ్గర గిన్నెలు తోమి వచ్చారట. ముగ్గురి పేర్లూ రిజిస్టరులో ఉన్నాయి, ముగ్గురి మంచాలూ లోపల ఖాళీగా ఉన్నాయి. కేర్‌టేకరును లేపి అడిగితే, "పదింటికి గేటు వేసెయ్యాలని కమిటీవారే రాశారు కదమ్మా, తీస్తే నా మీదికొస్తుంది" అన్నాడు.

మర్నాడు మినిట్స్ పుస్తకం తీయించి చూశాను. ఎవరో తాగివచ్చి గొడవ చేశారని చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేసిన వారం, పది నిమిషాలలో చేసిన తీర్మానం అది. కింద నా సంతకం కూడా ఉంది. ఆ రోజు సంతకం పెట్టినవారిలో ఒక్కరమైనా రాత్రి ఎనిమిది దాటాక ఆ కేంద్రంలో అడుగుపెట్టి ఎరగము.

అప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. మాలాంటి, సాయంకాలం గంటో రెండు గంటలో కేటాయించగల మనుషులం, ఇల్లు లేనివారి బతుకు మీద నియమాలు పెట్టే స్థానంలో కూర్చున్నప్పుడు, ఏ పని మేము చేయాలి, ఏ పని మేనేజరుకు వదిలిపెట్టాలి? రోజూ వెళ్లి చూస్తే మేనేజరు పనిలో తలదూర్చినట్టు అవుతుందని మా న్యాయవాది మిత్రుడు అంటున్నారు. వెళ్లకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: పాత కోశాధికారి

అమ్మా, ఇలాంటి సంఘానికే పదకొండేళ్లు కోశాధికారిగా ఉండి నిరుడు తప్పుకున్నాను. తీర్మానం కింద తమ సంతకాన్ని తామే వెతికి చూసుకున్న అధ్యక్షులను నేను ఎక్కువమందిని చూడలేదు.

ముందు ఆ తీర్మానం సంగతి చెప్తాను, ఎందుకంటే అది అసలు మీరు చేయదగ్గది కాదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలలో, లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటు ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల జాగా ఉండాలని చెప్పడంతో పాటు, ఈ కేంద్రాలు అన్ని కాలాలలోనూ ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని స్పష్టంగా చెప్పారు. మీ కేంద్రం మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన కోసం పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా వచ్చినదైతే మీ ఒప్పందం కూడా ఆ మార్గదర్శకాలకు లోబడే ఉంటుంది. కాబట్టి కార్యవర్గం చేయవలసిన మొదటి పని ఒప్పందాన్నీ మార్గదర్శకాలనూ ఏడుగురూ మొదటి నుంచి చివరి దాకా చదవడం. మా సంఘంలో నాలుగేళ్ల పాటు ఆ కాగితాలు బీరువాలోనే ఉండిపోయాయి.

ఇక డబ్బు. కార్యవర్గం అసలు బాధ్యత ఇక్కడే ఉందని నా నమ్మకం. యాభైమంది ఉండే కేంద్రానికి ఆ పథకం లెక్కగట్టిన నిర్వహణ ఖర్చు ఏడాదికి 6 లక్షలు, అదీ ఐదేళ్లకు. అంటే నెలకు 50,000, మనిషికి రోజుకు దాదాపు 33 రూపాయలు. నలుగురి జీతాలు, కరెంటు, నీళ్లు, దుప్పట్ల ఉతుకు, ఫినాయిలు అన్నీ అందులోనే సరిపెట్టాలి. ఆ డబ్బయినా నెలనెలా చేతికి వచ్చేది కాదు, విడతలుగా వచ్చేది. ఒకసారి మాకు ఏడు నెలలు ఏ విడతా రాలేదు. మూడో నెలలో మా రాత్రి కేర్‌టేకరు తన భార్య చెవిదిద్దులు తాకట్టు పెట్టాడు. ఆ మాట అతను నాతో చెప్పలేదు. తాకట్టు కొట్టులో గుమాస్తాగా ఉన్న మా వీధి కుర్రాడు చెప్పాడు. అదే నెల మేము వార్షికోత్సవానికి షామియానా వేయించి, శాలువలు కొని, చెక్కు మీద సంతకం పెట్టాము. ఆ సంతకం నాదే. ఆ తరువాత, మూడు నెలల జీతాలకు సరిపడే సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండేదాకా ఏ ఉత్సవమూ చేయరాదని తీర్మానించుకున్నాము. దాన్ని కూడబెట్టడానికి మాకు రెండేళ్లు పట్టింది.

మరికొన్ని సంగతులు క్లుప్తంగా చెప్తాను. మన రెండు రాష్ట్రాలలోనూ సంఘాలకు 2001 నాటి సొసైటీల చట్టం వర్తిస్తుంది. సర్వసభ్య సమావేశం జరిగాక కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రారుకు దాఖలు చేయడం మరిచిపోతే, తగాదా వచ్చిన రోజున మీరు కార్యవర్గమేనా అన్న ప్రశ్న మొదట వస్తుంది. బియ్యం, పప్పులు కార్యవర్గ సభ్యుని బంధువుల కొట్లో కొనవలసివస్తే ఆ సభ్యుడు లేచి బయటకు వెళ్లాక నిర్ణయం చేయండి, ఆ మాట మినిట్స్‌లో రాయండి. విరాళం 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, కనుక చెక్కు గానీ యూపీఐ గానీ అడగండి. అమెరికాలో ఉన్నవారు పంపే సొమ్ముతో మరీ జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న మేనల్లుడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అదే మేనల్లుడు అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపితే అది విదేశీ విరాళం. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. దాన్ని తీసుకోవడానికి కేంద్ర హోం శాఖ అనుమతీ, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతా ఉండాలి. ఆప్యాయంగా పంపిన డబ్బును తిప్పి పంపడం మనసుకు కష్టమే, అయినా తిప్పి పంపాలి.

రోజువారీ పని మాత్రం పూర్తిగా మేనేజరుకు వదిలేయండి. ఎవరికి ఏ మంచం, ఎవరిని ఆసుపత్రికి పంపాలి అన్నవి మీరు ముట్టుకోకండి.

జవాబు: షెల్టర్ మేనేజరు

మేడం గారికి నమస్కారం. నేను వేరే ఊళ్లో బస కేంద్రం మేనేజరుగా ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. కోశాధికారి గారు చెప్పినదంతా నిజమే, జీతాల మాట మరీ నిజం. చివరి వాక్యాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోలేను.

మాకు కావలసింది కమిటీ దూరంగా ఉండడం కాదు, ఒక్క మాట మీద ఉండడం. మా కమిటీలో తొమ్మిదిమంది ఉన్నారు. ఒకప్పుడు తొమ్మిదిమందీ నాకు విడివిడిగా ఫోన్ చేసేవారు. ఒకరు మంచాలు జరపమంటే ఇంకొకరు యథాస్థానంలో పెట్టమనేవారు. ఒక ఆదివారం ఒక సభ్యుడు తన మనవడి పుట్టినరోజుకు భోజనాలు పెట్టిస్తూ, అందరినీ వరుసలో నిలబెట్టి ఫొటోలు తీయించారు. మా దగ్గర ఉండే ఒక పెద్దాయన, ఊళ్లో కూతురికి తను వాచ్‌మన్ ఉద్యోగం చేస్తున్నానని చెప్పుకుంటున్నాడు. ఆ ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆ ఊరికి చేరింది. ఆ రాత్రి అతను సంచి తీసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. నేను బస్టాండులో, గుడి దగ్గర, వంతెన కింద మూడు వారాలు వెతికాను. ఇప్పుడు మా దగ్గర అధ్యక్షులు ఒక్కరే నాతో మాట్లాడతారు, ఫొటోలు పూర్తిగా నిషేధం. ఎంత పెద్ద దాత అయినా ఇదే నియమం అని కమిటీయే తీర్మానం చేసింది. ఆ మాట నేను చెప్తే ఎవరు వింటారు?

ఇలాంటి అండ ఇంకో రెండు చోట్ల కూడా కమిటీయే ఇవ్వగలదు. మతి స్థిమితం లేని మనిషిని ఎవరో తెచ్చి మా గేటు దగ్గర దింపి వెళ్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ ప్రకారం, అలా దిక్కులేక తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల లోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. మేనేజరు స్టేషనుకు వెళ్తే గంటలు కూర్చోబెడతారు. న్యాయవాది అయిన సభ్యుడు వెంట వస్తే అరగంటలో పని అవుతుంది. రెండోది కాగితాలు. గుర్తింపు ఉన్న బస కేంద్రం అధిపతి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ నమోదుకు అంగీకరిస్తారు. ఇల్లు లేదన్న కారణంతో ఓటు హక్కూ పోదు. దరఖాస్తులో రాసిన చోట మనిషి నిజంగా పడుకుంటున్నాడో లేదో బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి చూసుకుంటే చాలు, వేరే చిరునామా రుజువు అడగరాదు. ఆ అధికారిని రాత్రి పదకొండుకు రప్పించడానికి కమిటీ పలుకుబడి కావాలి.

జవాబు: ఒకప్పుడు అక్కడే ఉన్నవాడిని

హైదరాబాద్‌లో ఒక బస కేంద్రంలో రెండేళ్లు ఉన్నాను. ఇప్పుడు అద్దె గదిలో ఉంటున్నాను, మరో కేంద్రం కార్యవర్గంలో సభ్యుడిని. అమ్మగారు మెట్ల మీద చూసిన ముగ్గురి స్థానంలో నేనూ పడుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

మీలో ఎవరికైనా ఇంట్లో బీరువా ఉంటుంది. మాకు ఉండేది ఒక సంచి. అందులో ఆధార్ కార్డు, ఒక జత బట్టలు, కూలి డబ్బులు, అమ్మ ఫొటో. స్నానానికి వెళ్తే సంచి వెంట తీసుకెళ్లాలి, నిద్రపోతే తల కింద పెట్టుకోవాలి. మా కేంద్రానికి ఎవరో దాతలు పెద్ద టీవీ ఇచ్చారు, కార్యవర్గం సంతోషంగా తీసుకుంది. తాళం వేసుకునే చిన్న పెట్టె కావాలని మేము ఏడాదిన్నర అడిగాము. అడిగిన మాట పై దాకా వెళ్లలేదు, ఎందుకంటే అక్కడ కూర్చునేవారిలో సంచి తల కింద పెట్టుకుని పడుకున్నవారు లేరు. అందుకే అంటున్నాను, మీ ఏడుగురిలో ఇద్దరైనా ఆ జీవితం తెలిసినవారు ఉండాలి. ఒక్కరే ఉంటే అంత చదువుకున్నవారి మధ్య నోరు పెగలదు, నా సంగతి నాకు తెలుసు. మొదటి ఆరు నెలలు నేను టీ తాగి వచ్చేవాణ్ణి. రెండో మనిషి వచ్చాకనే మాట్లాడాను.

సమావేశం వేళ కూడా చూసుకోండి. ఉదయం పదకొండుకు పెడితే అడ్డా మీద నిలబడే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. రాత్రి భోజనాలయ్యాక, కేంద్రంలోనే చాపలు వేసుకుని కూర్చోండి. తాగి గొడవ చేసేవారి గురించి మీకంటే మాకే ఎక్కువ బాధ, ఎందుకంటే పక్క మంచం మాదే. ఏం చేయాలో అక్కడ పడుకునేవారినే అడిగి ఉంటే గేటుకు తాళం వేయమని ఒక్కరు కూడా చెప్పి ఉండరు.

జవాబు: పాత కోశాధికారి

పై ఇద్దరి మాటలూ చదివాక నా చివరి వాక్యాన్ని సవరించుకుంటున్నాను. మంచాల సంగతి మేనేజరుదే, కానీ వెళ్లి చూడడం కార్యవర్గం విధి. మేము నెలకు ఇద్దరు సభ్యుల చొప్పున వంతులు వేసుకుని ఉంటే ఆ చెవిదిద్దుల మాట నాకు గుమాస్తా కుర్రాడి నోట తెలిసేది కాదు.

జవాబు: కొత్త అధ్యక్షురాలు

అందరికీ నమస్కారాలు. మీ జవాబులను అచ్చు తీయించి కార్యవర్గంలో అందరికీ ఇచ్చాను. మొన్న ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు కేంద్రంలోనే కూర్చున్నాము. అక్కడ ఉండేవారు పంతొమ్మిదిమంది వచ్చారు. గేటు తీర్మానాన్ని రద్దు చేశాము. దంతవైద్యులు ఒప్పుకోలేదు, వారి అభ్యంతరాన్ని వారి మాటల్లోనే మినిట్స్‌లో రాశాము. ఆలస్యంగా వచ్చేవారు ముందే చెప్పి పేరు రాయించుకుంటారు, తాగి వచ్చినవారిని ముందుగదిలో పడుకోబెడతారు. ఈ రెండో మాట చెప్పినది సాంబారు వాసన వేసిన చొక్కా ఆయనే.

కార్యవర్గంలోకి ఇద్దరిని తీసుకోవాలంటే మా నియమావళిని సవరించాలి, అది సర్వసభ్య సమావేశం దాకా ఆగాలి. అందాకా ఇద్దరిని ఆహ్వానితులుగా పిలుస్తున్నాము. బ్యాంకు మిత్రులు పాత ఇనుప లాకర్ల కోసం తాము పనిచేసిన శాఖలో అడిగారు, ఇరవైనాలుగు దొరుకుతాయట. మాకు కావలసినవి యాభై. ఎవరికైనా వాడి పక్కన పెట్టేసినవి ఎక్కడైనా ఉన్నట్టు తెలిస్తే ఇక్కడ రాయండి, లారీ మేము పంపుతాము.