25×100 బైనాక్యులర్‌కి మామూలు ఫొటో ట్రైపాడ్ ఆగుతుందా?

నల్లమల_రాత్రి:
అందరికీ నమస్తే. పదేళ్లుగా 10×50 చేత్తో పట్టుకునే చూస్తున్నా. ఇప్పుడు 25×100 (25 రెట్లు పెద్దగా చూపించేది, ముందు కటకాలు 100 మి.మీ.) కొందామని ఉంది. బరువు నాలుగు కిలోల దాకా ఉంటుందంటున్నారు. మా ఇంట్లో పాత వీడియో కెమెరా ట్రైపాడ్ ఉంది, ఐదు కిలోలు మోస్తుందని దాని మీదే రాసుంది. సరిపోతుందా? మాది మార్కాపురం దగ్గర పల్లె. ఊరి బయటికి వెళ్తే పాలపుంత బాగానే కనిపిస్తుంది.

కృత్తిక_79:
సరిపోదండీ. ఐదు కిలోలు మోయడం వేరు, వణక్కుండా నిలబడటం వేరు. కెమెరా ఊగితే ఫొటో ఒకటి పోతుంది. ఇక్కడ చేతి వణుకు కూడా 25 రెట్లు పెద్దదై కనిపిస్తుంది. నా 20×80 రెండు కిలోల చిల్లరే. దాన్నీ అలాంటి ట్రైపాడ్ మీదే పెట్టి చూశా. ఫోకస్ తిప్పి చెయ్యి తీశాక కూడా చుక్కలు కాసేపు ఉయ్యాలలూగుతాయి. నడిమి కడ్డీ పైకి లేపితే ఇంకా ఘోరం. ఇంకోటి, నడినెత్తిన ఉన్నది చూడాలంటే ట్రైపాడ్ కాళ్ల మధ్య దూరి మెడ విరుచుకోవాలి. ఆ బాధ లేకుండా ఉండాలంటే సమాంతర చతుర్భుజం ఆకారంలో చేతులుండే స్టాండ్ కావాలి. వడ్రంగితో చేయించుకున్నవాళ్లు ఉన్నారు, వెనక బరువుకి జిమ్ ప్లేటు తగిలిస్తారు.

డాబా_మాస్టారు:
బాబూ, బైనాక్యులరూ స్టాండూ చతుర్భుజమూ అన్నీ కలిపి లెక్క వేసుకో. ఆ డబ్బుకి 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ వస్తుంది. దాని అద్దం 200 మి.మీ. నీ రెండు కటకాలూ కలిపినా అందులో సగం వెలుతురే పడుతుంది. శని వలయం నీకు నువ్వుగింజంత కనిపిస్తుంది, అంతే.

కృత్తిక_79:
మాస్టారూ, ఆయన అడిగింది ట్రైపాడ్ గురించి. పైగా మీ డాబ్సోనియన్‌లో కృత్తికలు ఇరుకుగా పడతాయి, 25×100లో చుట్టూ నల్లటి ఆకాశంతో సహా పడతాయి. రెండు కళ్లతో చూస్తే రెట్టింపు వెలుతురు కూడా.

డాబా_మాస్టారు:
రెట్టింపు కాదు! మసకగా ఉన్నవి పసిగట్టే శక్తి రెండు కళ్లతో సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది. రెండు దీపాలు కలిపినట్టు కాదు అది. ఇలాంటి తప్పులు రాస్తే కొత్తవాళ్లు నిజమనుకుంటారు.

కృత్తిక_79:
సరే, 1.4. జపాన్‌లో హ్యకుటాకే అనే ఔత్సాహికుడు 1996 జనవరిలో తన పేరున్న తోకచుక్కని దేనితో పట్టాడు? 25×150 బైనాక్యులర్‌తో. ఇంగ్లండ్‌లో ఆల్కాక్ 1983లో ఇంకో తోకచుక్కని ఇంట్లోంచే, కిటికీ అద్దం గుండా, 15×80తో పట్టాడు. ఇద్దరికీ మీ 1.4 లెక్క అడ్డురాలేదు.

డాబా_మాస్టారు:
మన అబ్బాయి కొనేది 150 కాదు. 100.

విశాఖ_తీరం:
మా దగ్గర మూడు వారాలుగా మబ్బే. నాకు ఏ ట్రైపాడ్ అయినా ఒకటే 😄

కృత్తిక_79:
1.4 మీదే కూర్చున్నారు మీరు. మెడ సంగతి, ఊగడం సంగతి ఒక్కటీ ముట్టుకోలేదు.

డాబా_మాస్టారు:
ముట్టుకుంటా. పోయిన ఏప్రిల్‌లో అనంతగిరి కొండల దగ్గరికి వెళ్లాం గుర్తుందా? దక్షిణాన చెట్ల పైన ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛం. మా బడి పిల్లలు పదకొండు మంది మీ బైనాక్యులర్ దగ్గర వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరికీ కళ్ల ఎడం సరిచేయాలి, ఎడమ కన్ను ఫోకస్ వేరు, కుడి కన్ను ఫోకస్ వేరు. పొట్టిపిల్ల వస్తే స్టాండ్ దించాలి, దించితే చుక్క పోతుంది. ముగ్గురు చూశారో లేదో మీరు మూతలు పెట్టేశారు. మిగతా ఎనిమిది మందీ నా టెలిస్కోప్‌లోనే చూశారు. ఒక కన్ను పెడితే చాలు.

కృత్తిక_79:
మూతలు ఎందుకు పెట్టానో కూడా రాయండి. చీకట్లో ఎవడో పిల్లాడు ట్రైపాడ్ కాలు తన్నాడు. బైనాక్యులర్ రాళ్ల మీద పడింది. లోపల ప్రిజం కదిలి ఇప్పుడు ప్రతి చుక్కా రెండుగా కనిపిస్తోంది. ఐదు నిమిషాలు చూస్తే తలనొప్పి. బాగుచేస్తామన్న షాపువాళ్లు నాలుగు నెలలు పెట్టుకుని అలాగే తిరిగిచ్చారు. ఆ రాత్రి మీరంతా "అయ్యో" అని ఒమేగా సెంటారీ దగ్గరికి వెళ్లిపోయారు. ఒక్కరైనా ఫోన్ చేశారా?

డాబా_మాస్టారు:
స్టాండ్ గట్టిదైతే తన్నినా పడేది కాదు.

కృత్తిక_79:
నేను మొదటినుంచీ అంటున్నది అదేగా మాస్టారూ!!

గుంటూరు_గ్రహణం:
😂😂

కృత్తిక_79:
నవ్వకండి. నేను పగలంతా కౌంటర్‌లో జనంతో మాట్లాడే ఉద్యోగం చేస్తా. రాత్రి గంటసేపు ఎవరూ పలకరించకుండా ఆకాశం చూసుకోవాలని కొనుక్కున్నా దాన్ని. వరస పెట్టి చూపించడానికి కాదు. అక్కడికి రమ్మంటే మొహమాటపడి వచ్చా.

డాబా_మాస్టారు:
ఆ మాట అప్పుడే అనాల్సింది. నేనైతే పదిమందికి చూపించలేని వస్తువు కొనను. ఇప్పటికీ కొనను.

నల్లమల_రాత్రి:
నాకు పదిమంది లేరండీ. నేనూ మా అమ్మా. అమ్మకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, టెలిస్కోప్‌లో ఒక కన్ను మూసుకుని చూడటం చేతకావట్లేదు. మంచం మీద కూర్చుని చూస్తానంటుంది.

కృత్తిక_79:
అయితే కొనండి. కూర్చుని చూసేదైతే కాళ్లు పూర్తిగా లాగక్కర్లేదు, పొట్టిగా ఉంచితే ఊగడమూ తగ్గుతుంది. సర్వేవాళ్లు వాడిన పాత చెక్క ట్రైపాడ్ దొరుకుతుందేమో అడగండి. దాని పైన మర లావుగా ఉంటుంది, 5/8 అంగుళం. కెమెరా హెడ్ (ట్రైపాడ్ మీద తిరిగే పైభాగం) నేరుగా ఎక్కదు. హెడ్ వెంట తీసుకెళ్తే లేత్ షాపులో మధ్యలో బిగించే ముక్క చేసిస్తారు. బైనాక్యులర్ కింద పట్టు మాత్రం ప్లాస్టిక్‌ది వద్దు, లోహందే తీసుకోండి. రెండు కళ్లకీ ఫోకస్ వేరువేరుగా తిప్పుకోవచ్చు కాబట్టి అమ్మగారి కళ్లకి ఒకసారి సరిచేసి, ఫోకస్ మీదున్న గీతల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

డాబా_మాస్టారు:
తన్నింది మా బడి పిల్లాడు కాదు. నేను అందర్నీ అడిగా.