సమస్య: తోక కోయ గోయ దొరయె మిగులు

నిర్వాహకుడు, అమలాపురం: నిన్న సంతలో కత్తిపీట ముందు కూర్చున్నావిడ బొచ్చె చేప తోక టక్కున కోసేసి, "తల మీకేనండి" అంది. పాదం అక్కడే పుట్టింది. కానివ్వండి.

తణుకు బావ:
పేరు చివర బెట్టు బిరుదులన్నియు దెంచ
నసలు మనిషి నిలుచు నచట నొకడు
తొడరి వ్రాయు కవికి దోకలెందుకు వేఱె
తోక కోయ గోయ దొరయె మిగులు

రాజోలు మాస్టారు: బిరుదులంటే నా మీదేనని తెలుసు లెండి. 'తొడరి' యతి కోసం అద్దెకి తెచ్చిన మాట. నాది చూడండి, 73939133 మీద:

ఏడు మూడు తొమ్మి దింక మూడును తొమ్మి
దొకటి మూడు మూడు నొక్క వరుస
కుడిని నొక్క యంకె గోయ బ్రధానమె
తోక కోయ గోయ దొరయె మిగులు

7393913, 739391, 73939, 7393, 739, 73, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే.

ధవళేశ్వరం గట్టు: దొర అనగానే 1852 ఆనకట్టా, కాటన్ దొరా వస్తారనుకున్నా. లెక్కల దొర వచ్చాడు, భేష్! కానీ 'గోయ బ్రధానమె'లో ఆ యకారం గురువా, లఘువా?

రాజోలు మాస్టారు: గురువంటే తగణం, లఘువంటే భగణం. రెండూ ఇంద్రగణాలే. ఎటు తూచినా పడవ మునగదు.

తణుకు బావ: గణాలు సరే. సంక్రాంతి పూరణలో 91 ప్రధానమని పద్యం కట్టిందెవరండీ? పదమూడేళ్లు తొంభై ఒకటి!

రాజోలు మాస్టారు: ఆ ఒక్క తొంభై ఒకటి నా చితి దాకా వచ్చేట్టుంది. ఈసారి వర్గమూలం దాకా, అంటే 8598 లోపు ప్రధానాలన్నిటితోనూ భాగించి చూశా. కంప్యూటరు మా మనవడిది, అనుమానం నాది.

ముమ్మిడివరం కుర్రాడు: ఎనిమిది అంకెల దగ్గరే ఆగిందేం మాస్టారూ? ఇంకోటి తగిలించరాదా?

రాజోలు మాస్టారు: చివర సరి అంకె గానీ 5 గానీ పనికిరాదు. 1 చేరిస్తే అంకెల మొత్తం 39, 7 చేరిస్తే 45. రెండూ మూడుతో పోతాయి. 3, 9 చేర్చినా విరిగిపోతుంది. మన పది అంకెల పద్ధతిలో ఈ జాతివి మొత్తం 83, అందరికంటే పెద్దది ఇదే.

తణుకు బావ: ఆయ్, ఒప్పుకున్నాం. 'ఒక్క' మాత్రం రెండుసార్లు పడింది.

నరసాపురం శివారు: మా కాలువ తోకకి నీళ్లు రాక నారుమడి నెర్రెలిచ్చింది. ఇక్కడ తోక కోస్తే మిగిలేది అప్పే. పద్యం రేపు పెడతా.